కాన్పుతో పోయిందన్నారు

“కడుపుతో ఉన్నప్పుడు షుగర్ ఏమైనా వచ్చిందా అమ్మా?” అని అడిగారు డాక్టరుగారు.

“వచ్చిందండీ. కాన్పుతో పోయింది.”

ఆవిడ చేతిలో నా రక్తపరీక్ష కాగితం ఉంది. హెచ్‌బీఏ1సీ 8.1. గత రెండు మూడు నెలల సగటు చక్కెరను చూపే ఆ అంకె 6.5 చేరితేనే డయాబెటిస్ కింద లెక్క. ఆ ఏడాది రెండుసార్లు కళ్లద్దాలు మార్చాను. మూడోసారి వెళ్తే కంటి డాక్టరు అనుమానపడి, ముందు ఈ పరీక్ష చేయించుకు రమ్మన్నారు. మా పాపకి అప్పటికి ఏడేళ్లు. “పోయిందని ఎవరన్నారు?” అని చాలా నెమ్మదిగా అడిగారావిడ. ఎవరి పేరు చెప్పను? అందరూ అన్నారు.

కాన్పయిన రెండో రోజు పొద్దున వేలు గుచ్చి చూసిన నర్సు “నార్మల్‌కి వచ్చేసిందమ్మా, ఇంక భయం లేదు” అంది. ఇన్సులిన్ ఆపేశారు. ఇంటికి పంపేటప్పుడు పాపకి ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. ఏ వారం ఏ టీకా వేయించాలో, ఎప్పుడు బరువు తూచాలో అన్నీ తేదీలతో సహా అందులో ఉన్నాయి. నాకిచ్చిన కాగితంలో కుట్ల సంగతీ, ఐరన్ మాత్రల సంగతీ ఉన్నాయి. షుగర్ గురించి ఒక్క ముక్క లేదు. గండం గడిచిందని ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు. నేనూ పీల్చుకున్నాను.

గర్భిణులకు వచ్చే షుగర్ గురించి మనం చెప్పుకునే మాటల్లో అన్నిటికన్నా ప్రమాదకరమైనది ఈ “పోయింది” అన్న మాటేనని నాకు అనిపిస్తుంది. ఇది అరుదైన సంగతేమీ కాదు. ప్రపంచంలో పుట్టే ప్రతి ఆరుగురు బిడ్డల్లో ఒకరు, కడుపులో ఉండగా తల్లి రక్తంలో చక్కెర ఎక్కువై ఉన్నవాళ్లేనని అంతర్జాతీయ డయాబెటిస్ సమాఖ్య 2021లో లెక్కగట్టింది. అందులోనూ దాదాపు 80 శాతం గర్భంతో బయటపడిన షుగరే. ఇంతమందికి వచ్చేదాన్ని తొమ్మిది నెలల ముచ్చటగా చూసి కాన్పు గదిలోనే ఫైలు మూసేస్తున్నాం. ఆ మూసివేత తప్పని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

అసలు ఒంట్లో జరిగేదేమిటో తెలిస్తే ఆ మాట ఎందుకు తప్పో తెలుస్తుంది. బిడ్డకు ఆహారం అందించే మాయ కొన్ని హార్మోన్లను కూడా తయారుచేస్తుంది. అవి తల్లి ఒంట్లో, రక్తంలోని చక్కెరను కండరాల్లోకి పంపే ఇన్సులిన్ జోరును తగ్గిస్తాయి. తల్లి కండరాలు చక్కెరను వెంటనే లాగేసుకోకుండా ఉంటే, అది రక్తంలో కాసేపు నిలిచి బిడ్డకి అందుతుంది. ఇది జబ్బు కాదు, ప్రతి గర్భంలోనూ జరిగే ఏర్పాటే. ఐదో నెల దాటాక ఈ ప్రభావం బాగా పెరుగుతుంది. దానికి దీటుగా నిలవాలంటే తల్లి క్లోమం మామూలుకన్నా రెండు మూడు రెట్లు ఇన్సులిన్ తయారుచేయాలి. చాలామందిలో చేస్తుంది. చేయలేకపోయినవాళ్ల రక్తంలో చక్కెర పేరుకుంటుంది. 24వ వారానికీ 28వ వారానికీ మధ్య గ్లూకోజ్ నీళ్లు తాగించి పరీక్ష చేసేది అందుకే.

కాన్పుతో మాయ బయటికి వచ్చేస్తుంది. దానితోపాటే ఆ హార్మోన్లు పడిపోతాయి, చక్కెర దిగుతుంది. “పోయింది” అని మనం అంటున్నది దీన్నే. క్లోమం మాత్రం పాతదే. మెట్లెక్కుతూ ఆయాసపడ్డ మనిషి, కిందికి దిగి చదును నేల మీద మామూలుగా నడుస్తుంటే ఆయాసం నయమైందని అనుకోం కదా. గర్భం అలాంటి మెట్ల వరుస. నా క్లోమం అక్కడ తన బలహీనతను 26వ వారంలోనే బయటపెట్టింది. పరగడుపున 97, గ్లూకోజ్ తాగిన గంటకి 191, రెండు గంటలకి 160.

ఆ కాగితం పట్టుకుని ఇంటికి వచ్చిన రోజు నా చెవిన పడిన మొదటి మాట “తీపి తగ్గించమంటే విన్నావా?” అని. అంతకుముందు నేనేం పెద్దగా తీపి తినేదాన్ని కాదు. తిన్నా సరే, ఈ జబ్బు ఒక నెల తిండితో వచ్చేది కాదు. వయసు, ఒంటి బరువు, తల్లిదండ్రుల్లో ఎవరికైనా షుగర్ ఉండటం, పీసీఓఎస్ (అండాశయాలకు సంబంధించిన హార్మోన్ల తేడా), ముందటి కాన్పులో బాగా బరువున్న బిడ్డ పుట్టడం, ఇవన్నీ అవకాశాన్ని పెంచుతాయి. వీటిలో ఏదీ లేని సన్నటి, చిన్న వయసు అమ్మాయిలకీ వస్తుంది. ఆ నింద మోసిన ఫలితం ఒకటి చెప్తాను. ఒక సాయంత్రం మీటర్లో 161 వస్తే, నేను పుస్తకంలో 138 అని రాశాను. తిట్లు పడతాయని భయం. డాక్టర్లు ఆ పుస్తకం చూసే ఇన్సులిన్ మోతాదు వేస్తారు. అంటే నా భయం ధర కడుపులో ఉన్న పాప కట్టాల్సి వచ్చేది. ఆ అబద్ధం గుర్తొస్తే ఇప్పటికీ నాకు కడుపులో దేవుతుంది. గర్భిణిని నిందించేవాళ్లు బిడ్డకి మేలు చేస్తున్నామనుకుంటారు. నిజానికి వాళ్లు చేస్తున్నది ఆమె చేత అంకెలు దాచిపెట్టించడం.

పాప సంగతికి వస్తాను. కోపెన్‌హాగెన్‌లో పనిచేసిన యోర్గెన్ పెడర్సన్ అనే వైద్యుడు 1950ల్లో చెప్పిన వివరణ ఇప్పటికీ దీనికి పునాది. తల్లి రక్తంలోని చక్కెర మాయను దాటి బిడ్డకి చేరుతుంది, తల్లి ఇన్సులిన్ దాటదు. ఎక్కువైన చక్కెరను సర్దుకోవడానికి బిడ్డ తన బుల్లి క్లోమంతో తానే ఎక్కువ ఇన్సులిన్ తయారుచేసుకుంటుంది. బిడ్డకి వచ్చే తిప్పలన్నీ దాదాపు అక్కణ్నుంచే మొదలవుతాయి. ఇన్సులిన్ ఒంటిని పెంచే హార్మోను కాబట్టి కొవ్వు చేరుతుంది, అదీ భుజాల దగ్గర, మొండెం మీద. తల మామూలుగానే ఉంటుంది. అందుకని కాన్పులో తల బయటికి వచ్చేసి, భుజం లోపల ఇరుక్కుపోవచ్చు. నిమిషాల్లో తీయాల్సిన పరిస్థితి అది. ఆ లాగుడులో మెడ దగ్గరి నరాలు దెబ్బతిని చెయ్యి చచ్చుబడే ప్రమాదం ఉంది. అందుకే “బొద్దుగా పుట్టాడు, మంచిదే” అనే మురిపెం విన్నప్పుడల్లా నాకు ఒళ్లు జలదరిస్తుంది. బొద్దుదనం అన్నిసార్లూ పుష్టి కాదు.

ఆ ఇన్సులిన్ చేసే మిగతా పనులు స్కానింగులో అంత సులువుగా కనపడవు. ఊపిరితిత్తులు తెరుచుకునేందుకు పనికొచ్చే పదార్థం ఆలస్యంగా తయారవుతుంది. అందువల్ల నెలలు దాదాపు నిండి పుట్టిన బిడ్డ కూడా ఊపిరికి ఎగపోయవచ్చు. బిడ్డకి ఆక్సిజన్ ఎక్కువ కావాల్సి వస్తుంది. దానికోసం ఎర్ర రక్తకణాలు పెరుగుతాయి. పుట్టాక అవి విరిగి కామెర్లు ముదురుతాయి. గుండె గోడ మందం కావచ్చు, అది చాలావరకు కొన్ని నెలల్లో సర్దుకుంటుంది. తల్లి షుగర్ బాగా అదుపు తప్పితే బిడ్డ కడుపులోనే చనిపోయే ప్రమాదం కూడా పెరుగుతుంది. అవయవాల లోపాల భయం మాత్రం ఈ రకం షుగర్‌లో తక్కువ. చక్కెర పెరిగే వేళకి అవయవాలు ఏర్పడటం అయిపోయి ఉంటుంది కాబట్టి. ఈ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి, చివర్లో మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మా పాప 38వ వారంలో సిజేరియన్‌తో పుట్టింది. 3.9 కిలోలు. గట్టిగా ఏడ్చింది, ఎర్రగా ఉంది, చూసినవాళ్లందరూ ముచ్చటపడ్డారు. రెండు గంటలకి మడమ గుచ్చి చూస్తే చక్కెర 32. బొడ్డుతాడు కోయగానే తల్లి నుంచి వచ్చే చక్కెర ఆగిపోతుంది, బిడ్డ ఇన్సులిన్ మాత్రం అదే జోరు మీద ఉంటుంది. అందుకే అంకె పడిపోతుంది. చాలాచోట్ల 47 కన్నా తగ్గితే జాగ్రత్తపడతారు. మా పాప కాస్త వణికింది, పాలు పట్టలేదు. పసిబిడ్డల ఐసీయూకి తీసుకెళ్లి డ్రిప్ పెట్టారు. రెండు రోజులు. నేను కుట్లతో మంచం మీద ఉండి, గోడ అవతల ఎక్కడో ఉన్న బిడ్డ కోసం పాలు పిండి పంపేదాన్ని. చక్కెర మరీ పడిపోయి అలాగే చాలాసేపు ఉంటే మెదడుకి దెబ్బ తగులుతుందని ఎవరో చెప్పగా విని, ఆ రెండు రాత్రులూ కన్ను మూయలేదు. అప్పుడు నేను కడుపు మీద చెయ్యి వేసుకుని “మళ్లీ ఈ షుగర్ పేరెత్తకూడదు” అనుకున్నాను. ఆ కోరికే నన్ను ఏడేళ్లు పరీక్షకి వెళ్లనివ్వలేదేమో.

ఇక్కడ ఆ ఆసుపత్రివాళ్లని తప్పుపట్టను. పుట్టిన గంటలోపే పాలు పట్టించడం, ప్రతి పాలకి ముందు మడమ గుచ్చి చూడటం, అన్నీ చేశారు. కొన్నిచోట్ల బిడ్డ బుగ్గ లోపల 40 శాతం గ్లూకోజ్ జెల్ రాస్తారు. ఎంత చవకైన మందో, అంత బాగా పనిచేస్తుందని 2013లో న్యూజిలాండ్ పరిశోధకులు చూపించారు. బిడ్డ విషయంలో వైద్యానికి ఏం చేయాలో తెలుసు, చేస్తోంది కూడా. తల్లి దగ్గరికి వచ్చేసరికే చేతులు దులుపుకుంటున్నారు.

కడుపుతో ఉన్నన్నాళ్లు తల్లికున్న ముప్పు తక్కువేమీ కాదు. బీపీ పెరగడం, అది గుర్రపువాతం (బీపీతో మూర్ఛలు రావడం) దాకా ముదరడం, సిజేరియన్ అవసరం పడటం, ఇవన్నీ ఎక్కువవుతాయి. వైద్యం తీసుకుంటే ఇవి తగ్గుతాయి కూడా. 2005లో వెలువడిన ఆస్ట్రేలియా పరిశోధనలో 1,000 మంది గర్భిణులను రెండు వర్గాలు చేసి చూశారు. వైద్యం అందని వర్గంలో 4 శాతం బిడ్డలకు మరణం, భుజం ఇరుక్కోవడం, ఎముక విరగడం, నరం దెబ్బతినడం లాంటి తీవ్ర ఆపదలు వస్తే, అందిన వర్గంలో అది 1 శాతం. చాలామందికి తిండి మార్చుకోవడం, నడవడంతోనే అదుపులోకి వస్తుంది. పరగడుపున 95 లోపు, తిన్న రెండు గంటలకి 120 లోపు ఉండాలన్నది లక్ష్యం. నాకు పరగడుపు అంకె లొంగలేదు, రాత్రిపూట ఇన్సులిన్ పెట్టారు. “సూది బిడ్డకి మంచిది కాదేమో” అని భయపెట్టినవాళ్లున్నారు. ముందే చెప్పాను కదా, ఇన్సులిన్ మాయను దాటదు. దాటేది చక్కెరే. షుగర్ తగ్గించే మెట్‌ఫార్మిన్ మాత్రలు దాటుతాయి, అయినా డాక్టర్లు తూచి చూసుకుని కొందరికి ఇస్తారు. సూదికి భయపడి చక్కెరను వదిలేస్తే, బిడ్డకి చేరకూడనిదాన్ని మనమే చేర్చినట్టు.

ఇంత హడావుడి అవసరమా అని అడిగేవాళ్లూ ఉన్నారు. వాళ్ల మాట కొట్టిపారేయలేను. 2008లో హాపో అనే పెద్ద పరిశోధన 9 దేశాల్లో 23 వేలమందికి పైగా గర్భిణులను చూసి, ఇక్కణ్నుంచే ప్రమాదం అని గీత గీయడానికి వీల్లేదని తేల్చింది. చక్కెర పెరిగిన కొద్దీ బిడ్డ బరువు, సిజేరియన్లు, బిడ్డలో ఇన్సులిన్ పెరుగుతూనే పోయాయి. దాన్ని ఆధారం చేసుకుని 2010లో గీతను కిందికి దించారు. పరగడుపున 92, గంటకి 180, రెండు గంటలకి 153. మూడింటిలో ఒక్కటి చేరినా షుగర్ ఉన్నట్టే. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ఈ అంకెలే తీసుకుంది. ఒక్కసారిగా చాలామంది రోగులైపోయారని విమర్శలు వచ్చాయి. 2022లో న్యూజిలాండ్‌లో 4 వేల మందితో చేసిన పోలికలో, గీతను కిందికి దించినా మొత్తం మీద భారీ బిడ్డల సంఖ్య తగ్గలేదు. కానీ రెండు గీతల మధ్య పడ్డ తల్లుల్ని విడిగా చూస్తే, వైద్యం అందినవాళ్లకి భారీ బిడ్డలు తక్కువగా పుట్టారు. గీత ఎక్కడ ఉండాలన్న తగవు పండితులు తేల్చుకుంటారు. ఆ తగవంతా బిడ్డ బరువు చుట్టూనే తిరగడం మాత్రం నాకు బాధగా ఉంది.

ఎందుకంటే ఈ పరీక్ష పుట్టిందే తల్లి కోసం. 1964లో బోస్టన్‌లో జాన్ ఓ'సల్లివన్ అనే వైద్యుడు, క్లెయిర్ మహాన్ అనే గణాంక శాస్త్రవేత్త కలిసి గర్భిణుల గ్లూకోజ్ పరీక్షకి మొదటిసారి హద్దులు పెట్టారు. ఆ హద్దులు బిడ్డ కోసం పెట్టినవి కావు. ఈ తల్లుల్లో ముందుముందు ఎవరికి డయాబెటిస్ వస్తుందో పసిగట్టడానికి పెట్టినవి. అది చదివిన రోజు నేను కాసేపు ఏమీ మాట్లాడలేకపోయాను. 26వ వారంలో నేను తాగిన ఆ గ్లూకోజ్ నీళ్లు, నా భవిష్యత్తు చెప్పడానికి తయారైన పరీక్ష. జవాబు కూడా చెప్పింది. ఎవరూ నాకు చదివి వినిపించలేదు.

ఆ జవాబు ఎంత గట్టిదో అంకెల్లో ఉంది. 13 లక్షల మందికి పైగా స్త్రీల సమాచారాన్ని ఒకచోట చేర్చి 2020లో ప్రచురించిన విశ్లేషణ ప్రకారం, గర్భంలో షుగర్ వచ్చినవాళ్లకి టైప్ 2 డయాబెటిస్ వచ్చే ప్రమాదం రానివాళ్లకన్నా దాదాపు 10 రెట్లు. హాపో తల్లుల్నే పది పన్నెండేళ్ల తర్వాత మళ్లీ పిలిచి చూస్తే, అప్పట్లో చక్కెర హద్దు దాటినవాళ్లలో 52 శాతానికి డయాబెటిస్ గానీ దాని ముందు దశ గానీ ఉంది. దాటనివాళ్లలో 20 శాతానికి. వాళ్ల పిల్లల్లో స్థూలకాయం కూడా ఎక్కువ కనిపించింది. ఇది తప్పించుకోలేని రాత అయితే తెలుసుకుని ఏం లాభం అని అడగొచ్చు. రాత కాదు. ముందు దశలో ఉన్న ఇలాంటి తల్లులకి బరువు తగ్గడం, వ్యాయామం నేర్పినా, మెట్‌ఫార్మిన్ ఇచ్చినా డయాబెటిస్ రావడం దాదాపు సగానికి తగ్గిందని అమెరికాలో జరిగిన నివారణ పరిశోధనలో తేలింది. తల్లిపాలు ఎక్కువకాలం ఇచ్చినవాళ్లలోనూ ఆ ప్రమాదం తక్కువగా కనిపిస్తోంది. నాకు పోయిన ఆ ఏడేళ్లలో కొన్నయినా ముందు దశలోనే గడిచి ఉంటాయి. అప్పుడు పట్టుకుని ఉంటే ఎలా ఉండేదో అని ఆలోచించకుండా ఉండలేను.

చేయాల్సింది ఏమిటో రాసే ఉంది. కాన్పయిన 4 నుంచి 12 వారాల మధ్య మళ్లీ గ్లూకోజ్ తాగి పరీక్ష చేయించుకోవాలి. బాగున్నా సరే, ఏడాదికో, మూడేళ్లకో ఒకసారి చూపించుకుంటూనే ఉండాలి. మరి ఎందుకు వెళ్లం? ఆరో వారంలో బాలింత పరిస్థితి ఎలా ఉంటుందో తెలిసినవాళ్లు ఆ ప్రశ్న వేయరు. రాత్రి నిద్ర ఉండదు. ఒళ్లు పచ్చిగా ఉంటుంది. పరగడుపున వెళ్లి, రెండు గంటలు కూర్చుని, మధ్యలో పాలకి ఏడ్చే బిడ్డని పట్టుకోవాలి. ఎవరూ తేదీ రాసివ్వని పనికి అంత కష్టపడి ఎవరు వెళ్తారు? తల్లికి శ్రద్ధ లేదనడం అన్యాయం. బిడ్డకి టీకా వేయించడానికి అదే తల్లి ఎండనక వాననక వస్తుంది. ఆ రోజే, ఆ గడప దగ్గరే తల్లి రక్తం కూడా తీసుకోవచ్చు కదా. బిడ్డ టీకాల పుస్తకంలో ఒక పేజీ తల్లి షుగర్ కోసం కేటాయించి తేదీలు వేయొచ్చు కదా. ఖరీదైన యంత్రాలు అడగడం లేదు నేను. ఒక పేజీ అడుగుతున్నాను.

పోయిన నెల మా చెల్లి ఫోన్ చేసింది. దానికీ మొదటి కాన్పులో షుగర్ వచ్చింది. బాబుకి మూడేళ్లు. “రెండో బిడ్డ గురించి అనుకుంటున్నాం అక్కా” అంది. షుగర్ పరీక్ష ఎప్పుడు చేయించుకున్నావని అడిగాను.

“అదా? నాకు పోయింది కదా.”

దానికి నేను పైన గుర్తుపెట్టుకోమన్న సంగతే చెప్పాను. గర్భం మధ్యలో పెరిగే చక్కెర అవయవాలు ఏర్పడ్డాక వస్తుంది. ఈ రెండు కాన్పుల మధ్య నీకు తెలియకుండా డయాబెటిస్ వచ్చి ఉంటే మాత్రం, గర్భం నిలిచిన మొదటి రోజు నుంచే ఆ చక్కెర బిడ్డకి చేరుతుంది. గుండె, మెదడు, వెన్నెముక రూపు కట్టేది ఆ మొదటి వారాల్లోనే. చాలామందికి అప్పటికి నెల తప్పిన సంగతి కూడా సరిగ్గా తెలిసి ఉండదు. ఏడో వారంలో పరీక్ష చేయించుకుంటే ఆ వారాలు తిరిగి రావు. నీ గురించి వెళ్లకపోయినా, పుట్టబోయే బిడ్డ గురించి వెళ్లు, నాకూ అలాగే తెలియకుండా వచ్చింది అన్నాను. తల్లిని తల్లిగానే చూసి పంపాలని ఇంత వాదించే నేను, చివరికి చెల్లిని కదపడానికి బిడ్డ పేరే చెప్పాల్సి వచ్చింది. కాసేపు అవతల నుంచి మాట లేదు. “నీకు వచ్చిందని నాకెప్పుడూ చెప్పలేదేంటక్కా?” అంది తర్వాత. నిజమే, నా డయాబెటిస్ సంగతి అప్పటిదాకా ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. సిగ్గుపడ్డాను. ఆ రోజే అందరికీ చెప్పాను.

మొన్న వెళ్లి చేయించుకుంది. పరగడుపున 118, రెండు గంటలకి 172. డయాబెటిస్ కాదు, ముందు దశ. రెండో బిడ్డని కొన్నాళ్లు వాయిదా వేసుకుంటామని, ముందు దీని సంగతి చూస్తానని చెప్పింది. బాబు పుస్తకంలో చివరి పేజీ ఖాళీగా ఉంటే, అక్కడ తన అంకెలు రాసుకుని నాకు ఫొటో పంపింది. రేపు సోమవారం డాక్టరు దగ్గరికి ఇద్దరం కలిసే వెళ్తున్నాం.